పని చెయ్యని స్విచ్చు

మా ఇంటి వెనక వసారాలో స్విచ్చుబోర్డు మీద ఐదు స్విచ్చులుంటాయి. మొదటిది వసారా దీపం, రెండోది ఫ్యాను, మూడోది వంటింటి ట్యూబ్‌లైటు, నాలుగోది నూతి మోటారు. ఐదోది దేనిదో ఎవరికీ తెలీదు. వేస్తే ఏదీ వెలగదు, తీస్తే ఏదీ ఆరదు. మా అమ్మాయి చిన్నప్పుడు అన్నం దగ్గర మారాం చేస్తే వాళ్లమ్మ చంకనెత్తుకొచ్చి దాని ముందు నిలబెట్టేది. టక్కున వెయ్యడం, టక్కున తియ్యడం, ముద్ద మింగడం. రాత్రిపూట తడుముకునే చుట్టాల చెయ్యి కూడా సరిగ్గా దాని మీదికే పోయేది. "కరెంటు లేదేంటండీ?" అనేవారు. "ఉందండీ, ఆ స్విచ్చు పని చెయ్యదు" అనేవాళ్లం. ఇలాంటి స్విచ్చొకటి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. లేదంటే మీరు బోర్డు వైపు సరిగ్గా చూసి ఉండరు.

దాని సంగతి మొన్న వేసవిలో, దొడ్డి చివర కట్టిన కొత్త గదికి భూమిలోంచి కరెంటు లాగించినప్పుడు బయటపడింది.

ముప్పై అయిదేళ్లు బ్యాంకు వాళ్లు తిప్పిన ఊళ్లన్నీ తిరిగి, రిటైరై, కోనసీమలో నాన్న కట్టిన ఇంటికి తిరిగొచ్చాక నాకు పట్టిన మొదటి పిచ్చి ఒక విడి గది. పుస్తకాలకీ, రాసుకోడానికీ, మధ్యాహ్నం కునుక్కీ. ఇంట్లో గదులు లేక కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ గ్యాసు బండ వచ్చిందనో, పాలవాడికి చిల్లర కావాలనో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. అందుకని ఒకప్పుడు పశువుల పాక ఉన్నచోట పన్నెండు బై పధ్నాలుగు గది లేపించాను. పైన పెంకు, కింద ఎర్ర గచ్చు. సున్నం ఆరింది, కిటికీల రంగు ఆరింది, ఇక కరెంటొక్కటే బాకీ. ఇంటి వెనక గోడ నుంచి గది గుమ్మం దాకా టేపు పెట్టి కొలిస్తే 130 అడుగులు. దారిలో పదకొండు కొబ్బరి చెట్లు, ఓ పనస చెట్టు, నూతి గట్టు.

మా ఊళ్లో కరెంటు పనంటే బాబాయే. చుట్టరికమేమీ లేదు, నాన్నకి స్నేహితుడు గనక బాబాయి. డెబ్భై దాటినా ఇంకా నిచ్చెన ఎక్కుతాడు. జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు, నోట్లో వక్కపలుకు. నా ఆలోచన ఆయనకి చెప్పాను: ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి ఓ ఇనప తీగ బిగించి, దానికి సర్వీసు వైరు చుట్టుకుంటూ పోతే ఒక పూటలో అయిపోతుంది, ఖర్చూ తక్కువ.

బాబాయ్ నా మొహం వైపు చూడలేదు, చెట్టు పైకి చూశాడు.

"ఆ ఎండు మట్ట చూశావా అబ్బాయ్? రేపో మాపో రాలుతుంది. ఎక్కడ రాలుతుంది?"

నేను తల దించుకుని నేల మీద చూశాను. సరిగ్గా నేను గీసిన గీత మీదే.

"మట్ట సంగతి అలా ఉంచు. రెండు నెలలకోసారి దింపు తీయిస్తావు. ఎక్కేవాడు మనిషి. వాడు గెల కోసి వదిలితే ఎక్కడ పడుతుందో వాడికే తెలీదు. వాడి పక్కన కరెంటు తీగ కడతావా? పైనుంచి వద్దు. కిందనుంచి పోదాం."

పైనున్న తీగకి మా సీమలో ఏం జరుగుతుందో నాకు తెలియనిది కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమని తొక్కేసి పోయినప్పుడు నేను వేరే ఊళ్లో ఉద్యోగంలో ఉన్నాను. తరవాత వచ్చి చూస్తే కొబ్బరి చెట్లు దువ్వెనతో దువ్వినట్టు ఒకే దిక్కుకి పడి ఉన్నాయి, వాటి కింద స్తంభాలు, వాటి కింద తీగలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడి నగరాన్నంతా చీకటి చేశాక, అక్కడ ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చి మరీ తీగల్ని భూమిలోకి దించే పని పెట్టుకున్నారు. నగరానికైనా నా పన్నెండు బై పధ్నాలుగు గదికైనా గాలి చెప్పే పాఠం ఒకటే.

అసలు తీగని పాతిపెట్టాలన్న ఆలోచన ఇళ్లలో వెలిగే కరెంటు దీపం కన్నా పాతది. 1848, 49 ప్రాంతాల్లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి టెలిగ్రాఫు తీగ వేసినప్పుడు చాలా దూరం నేలలోనే నడిపించాడు. గట్టాపెర్చా అనే చెట్టు పాలతో చేసిన తొడుగు వేశాడు గాని పైన ఇనప కవచం లేదు, తగినంత లోతూ లేదు. ఎలుకలకీ చుంచులకీ ఆ తొడుగు బాగా రుచించింది. ఆ తరం భూగర్భ తీగలు ఎక్కువ కాలం బతకలేదు. ఎడిసన్ 1882 సెప్టెంబరు 4న న్యూయార్కులో పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి దీపాలు వెలిగించినప్పుడు రాగి కడ్డీల్ని ఇనప గొట్టాల్లో పెట్టి వీధుల కింద పాతించాడు. మిగతా కంపెనీలు మాత్రం చవగ్గా అయిపోతుందని స్తంభాల మీదే లాగాయి, నేను లాగుదామనుకున్నట్టు. 1888 మార్చిలో మంచు తుఫాను వచ్చి వాటిని తెంపి రోడ్ల మీద పారేసింది. మరుసటి ఏడు అక్టోబరులో పట్టపగలు, జనం చూస్తుండగా, ఒక లైన్‌మన్ ఆ తీగల గుంపులో చిక్కుకుని పైనే చనిపోయాడు. అప్పటికి గాని ఆ ఊరివాళ్లు గొడ్డళ్లు తెచ్చి స్తంభాలు నరకలేదు. ఇక్కడ ఒక్క ఎండు మట్ట చూసి బాబాయ్ ఆ నిర్ణయానికి వచ్చేశాడు.

తరవాత గొడవ కేబుల్ మందం దగ్గర. నాలుగు దీపాలు, రెండు ఫ్యాన్లు, ఓ కంప్యూటరు. అన్నీ కలిపినా నాలుగు ఆంపియర్లు లాగవు. రెండున్నర చదరపు ఎంఎం రాగి చాలని నా లెక్క. బాబాయ్ ఆరు ఎంఎం అన్నాడు, అదీ ఆర్మర్డ్ కేబులు, అదీ నాలుగు కోర్లది.

"దీపాలకి ఆరు ఎంఎం ఎందుకు బాబాయ్?"

"ఇవాళ దీపాలంటావు. వచ్చే వేసవికి ఏసీ అంటావు. ఆ పైన మీ అమ్మాయి వచ్చి స్నానానికి వేణ్ణీళ్లేవీ అంటుంది. అప్పుడు మళ్లీ తవ్వుతావా?"

ఆ రాత్రి కాగితం తీసుకుని కూచున్నాను. అలవాటు పోదు కదా. తీగకి కూడా అడ్డగింత ఉంటుంది. కరెంటు అంత దూరం నడవాలంటే కొంత వోల్టేజీ దారి ఖర్చులకి పోతుంది. వెళ్లడానికి 130 అడుగులు, రావడానికి 130, వెరసి 80 మీటర్లు. గదిలో 20 ఆంపియర్లు వాడితే, రెండున్నర ఎంఎం తీగలో సుమారు 12 వోల్టులు దారిలోనే తరిగిపోతాయి. ఆరు ఎంఎం అయితే 5 వోల్టులతో సరి. ఇక్కడ బయల్దేరిన 230 అక్కడికి 218గా చేరాలా, 225గా చేరాలా అన్నది ప్రశ్న. పైకి కనిపించే తీగనైతే అవసరం పెరిగినప్పుడు మార్చుకోవచ్చు. పాతిపెట్టేదాన్ని మాత్రం ఇవాళ్టి అవసరానికి కొలిచి కొనకూడదని ఆ కాగితం మీద నాకు తేలింది. బాబాయికి కాగితం లేకుండానే తేలింది. "మరి నాలుగో కోరు?" అని అడిగితే మాత్రం, "ఉండనీ, భూమిలో ఉంటే అన్నమడుగుతుందా" అన్నాడు.

పని మే నెలలో పెట్టుకున్నాం. కాలవలు కట్టేసిన రోజులు. గోదావరి నీళ్లు కాలవల్లో పారుతున్నప్పుడు మా నేలలో రెండడుగులు తవ్వితే చాలు ఊట వచ్చేస్తుంది. కాలవలు ఎండితే నేల కూడా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఇద్దరు కూలీలు వచ్చారు. ముగ్గుపిండితో గీత గీశారు. మొదటి గునపం దిగే ముందు బాబాయ్ నన్ను అడిగాడు:

"ఈ దొడ్లో కింద ఏమైనా ఉందా?"

"మట్టి తప్ప ఏముంటుంది బాబాయ్" అన్నాను. పుట్టి పెరిగిన దొడ్డి. ఆ ధీమా.

మధ్యాహ్నానికి సగం దూరం తవ్వారు. ఒండ్రు మట్టి సబ్బు ముక్కలా తెగి వస్తోంది. గట్టు మీద మట్టితోపాటు విరిగిన తిరగలి రాయి ముక్క, పసిపిల్లల గాజు, ఏ కాలందో ఓ రాగి కాణీ. నేను ఒక్కోటీ కడిగి వరండా మీద పేర్చుకుంటున్నాను, నా గదిలో పెట్టుకోవచ్చని. ఇంతలో గునపం చప్పుడు మారింది. రాయికి తగిలితే ఖంగుమంటుంది, వేరుకి తగిలితే చప్పబడుతుంది. ఇది రెండూ కాదు.

"ఏదో తగిలిందండి బాబూ" అని ఆ కూలీ గునపం వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. బాబాయ్ కూడా అదే క్షణాన "బయటికి రా, బయటికి రా!" అని అరిచి, వయసు మర్చిపోయి ఇంట్లోకి పరిగెత్తి మెయిను తీసేశాడు.

అడుగున్నర లోతులో బొటనవేలంత నల్ల పైపు. గునపం మొన దాన్ని చీల్చింది గాని లోపలికి పోలేదు. కొత్తగా తవ్విన కాలవలోకి బాబాయ్ దిగి కత్తితో ఆ చీలికని పెద్దది చేశాడు. లోపల రెండు వైర్లు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, రంగులు వెలిసిపోయి అన్నదమ్ముల్లా ఉన్నాయి. "వన్ ఎయిటీన్ వైరు. ఇప్పుడెవడు వాడుతున్నాడు?" అని గొణిగాడు. ఎర్రదాని తొడుగు గింజంత ఒలిచి, పైకొచ్చి, అందర్నీ దూరం జరగమని, నన్ను మెయిను వెయ్యమన్నాడు. వేశాను. టెస్టరు ఆనించాడు.

వెలిగింది.

మేం నలుగురం ఆ చిన్న నారింజరంగు వెలుతురు వైపు చూస్తూ ఉండిపోయాం. అది ఏ దీపానికీ పోవడం లేదు, ఏ మోటారునీ తిప్పడం లేదు. మా కాళ్ల కింద అడుగున్నర లోతులో ఊరికే నిలబడి ఉంది. బాబాయ్ పైపు వచ్చిన దిక్కు చూసి, వసారా బోర్డు దగ్గరికి నడిచి, స్విచ్చులు ఒకటొకటిగా తీసుకుంటూ పోయాడు. ఐదోది తియ్యగానే, ఆయన చేతిలోంచి టెస్టరు అందుకున్న కూలీ "ఆరిందండి!" అని కేకేశాడు.

ఆ పొద్దున ఆ స్విచ్చు వేసి ఉంది. ఎవరు వేశారు? ఎవరైనా కావచ్చు. పని చెయ్యనిదని తేలిపోయిన స్విచ్చు వేసుందా తీసుందా అని ఎవరు చూస్తారు?

ఈ గోలకి అమ్మ కర్ర పోటేసుకుంటూ వసారాలోకి వచ్చింది. ఎనభై ఆరేళ్లు. సంగతి విని తాపీగా అంది: "అది పాక లైటు స్విచ్చురా."

"నీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటి? గాలివాన ఏడాది పాకకి పోయే తీగ తెగిపోయింది కదా. మళ్లీ పైన కట్టనని మీ నాన్నే స్వయంగా తవ్వి పెట్టారు. నల్ల గేదె మొదటి ఈత. అడ్డం తిరిగి రాత్రంతా అవస్థ పడింది. లాంతరు వెలుగులో ఏమీ కనపడక చేతులు వణికాయిట. తెల్లారి బజారుకెళ్లి వైరు, పైపు తెచ్చేశారు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవరు అడిగారు? పని చెయ్యదు, పని చెయ్యదు అని మీరే అనుకుంటున్నారు. పాక తీసేసినప్పుడు ఆ వైరూ తీసేశారనుకున్నాను."

బాబాయికి మాత్రం వేరే బాధ. "నాకు చెప్పకుండా చేశాడన్నమాట. పిలిస్తే కూలి ఇవ్వాల్సొస్తుందని!"

సాయంత్రం నేనొక్కణ్ణే ఆ పైపు రెండో కొస వెతుక్కుంటూ మట్టి గీకాను. నా గది పునాదికి మూరెడు ఇవతల దొరికింది. కొసలు రెండూ విడివిడిగా టేపు చుట్టి, పైపులోకి తోసి, మూతికి కొబ్బరి పీచు కుక్కి, దాని మీద తారు పూసి ఉంది. గేదెల్ని అమ్మేసి పాక విప్పించిన రోజున నాన్న చేసిన పని అయి ఉండాలి. నీళ్లు దిగకుండా, పురుగు దూరకుండా, ఎంత శ్రద్ధగా చేశాడో ఆ తారు మీద వేలిముద్ర ఇంకా ఉంది. అంత శ్రద్ధా తీగ మీద పెట్టిన మనిషి, దాని మీద గునపం వేసేవాడొకడు ఎప్పటికైనా వస్తాడని అనుకోలేదు. ఎందుకనుకుంటాడు? తనకి తెలుసు కదా. దొడ్లో ఎవరు తవ్వినా పక్కన తను నిలబడి ఉంటాడు కదా. బ్యాంకులో సీటు మారేటప్పుడు తాళాల దగ్గర్నుంచి రద్దయిన రబ్బరు స్టాంపుల దాకా జాబితా రాసి, సంతకం పెట్టి, చార్జి అప్పగించేవాళ్లం. ఇంటికి అలాంటి అప్పగింతలుండవు. ఇంటి పెద్ద ఓ రోజు లేచి వెళ్లిపోతాడు, బీరువా తాళం ఎక్కడుందో మాత్రం తెలుస్తుంది.

చిన్నప్పుడు విన్న లంకెబిందెల కథలు గుర్తొచ్చాయి. ఎవరో ఒకాయన బంగారం బిందెల్లో పోసి పాతిపెడతాడు, కొడుకులకి చెప్పకుండా కన్నుమూస్తాడు, ఆ సొమ్ముకి పాము కాపలా కాస్తుంది. తవ్వబోయినవాణ్ణి కాటేస్తుంది. ఆ పాము ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇన్నాళ్లకి అర్థమైంది. చెప్పకుండా పోయిన మాటే పాము. అటు మన నేలలోనే ఇంకో రకం రాగి కూడా దొరుకుతుంటుంది. రైతు నాగలికి తగిలి బయటపడిన తామ్ర శాసనాలు ఎన్నో. తూర్పు చాళుక్యుల నాటి రేకు తీసి చదివితే ఏ రాజు, ఎవరికి, ఏ ఊరి భూమి ఇచ్చాడో, దానికి తూర్పున ఏ చెరువో పడమట ఏ ఊరి పొలిమేరో ఎల్లలన్నీ ఉంటాయి. వెయ్యేళ్లు మట్టిలో ఉన్నా తన సంగతి తాను చెప్పుకోగల రాగి అది. నాన్న పాతింది కూడా రాగే. దాని మీద ఒక్క అక్షరం లేదు.

మర్నాటి నుంచి పనికి నేను దగ్గరుండి కూచున్నాను. పాత తీగని ఇంటివైపు, గదివైపు రెండు చోట్లా కోసి, లాగి బయట పారేశాం. కాలవని అడుగున్నర దగ్గర ఆపకుండా రెండున్నర అడుగులకి దింపాం. ఇళ్లకి వాడే వోల్టేజీ కేబుల్‌ని 75 సెంటీమీటర్ల లోతున పెట్టాలని మన దేశపు ప్రమాణం. మామూలు పార, మొక్క కోసం తీసే గుంట అంత లోతుకి పోవని దాని అర్థం. అడుగున మూడంగుళాల ఇసుక పరిచారు. ఇసుక ఎందుకంటే మట్టిలో గాజు పెంకో రాయి మొనో ఉంటే ఏళ్ల తరబడి నొక్కుకుని తొడుగుని కోస్తుంది. నేను కడిగి దాచుకున్న తిరగలి ముక్క గుర్తొచ్చి ఇంకో తట్ట ఇసుక పొయ్యమన్నాను.

కేబులు చుట్ట విప్పి దించారు. కొస కోసినప్పుడు చూశాను: పైన నల్ల తొడుగు, దాని కింద గాల్వనైజ్ చేసిన ఉక్కు తీగల కవచం, దాని కింద ఇంకో తొడుగు, అందులో నాలుగు కోర్లు. ఎరుపు, పసుపు, నీలం, నలుపు. సీమెన్స్ ఎలుకలు వస్తే ఇక్కడ పళ్లూడతాయి. కేబుల్‌ని బిగలాగి తిన్నగా పెట్టబోతే బాబాయ్ ఆపాడు. "కొంచెం వంకరగా పోనీ, పాములాగ. నేల దిగుతుంది, జరుగుతుంది. బిగించావంటే కొసల దగ్గర పీక్కుంటుంది." మధ్యలో ఎక్కడా అతుకు లేదు. నేలలో అతుకుంటే ఎప్పటికైనా నీళ్లు దారి చేసుకునేది అక్కడే.

మళ్లీ మూడంగుళాల ఇసుక. ఆ పైన ఇటుకలు. నిలువునా వరసగా పేర్చుకుంటూ పోతే 130 అడుగులకి నూట డెబ్భై నాలుగు ఇటుకలు. గది కట్టగా మిగిలినవి నూరే ఉన్నాయి. నాలో బ్యాంకు గుమస్తా లేచాడు.

"ఇటుకకీ ఇటుకకీ మధ్య జానెడు ఖాళీ వదిలితే నూటితో సరిపోతుంది కదా?"

బాబాయ్ ఏమీ అనలేదు. నిన్న గునపం వేసిన ఆ కూలీ కాలవలోంచి తలెత్తి చూశాడు.

"గునపం ఆ జానెట్లోనే పడితేనండి?"

ఆ ప్రశ్న నాకు తట్టేది కాదు. నేను ఎప్పుడూ గునపం పట్టినవాణ్ణి కాదు. కాగితం మీద కేబుల్‌ని చూశాను, వోల్టుల్ని చూశాను. అతను గునపం మొన నుంచి చూశాడు. బజారుకి మనిషిని పంపి ఇంకో ఎనభై తెప్పించాను.

పేరుస్తూ పేరుస్తూ అతనే చెప్పాడు. తవ్వేటప్పుడు ఒక ఇటుక తగిలితే పట్టించుకోరట. ఎక్కడి చెత్తో అనుకుని పక్కకి తీసేస్తారట. వరసగా రెండో ఇటుక, మూడో ఇటుక తగిలిందంటే మాత్రం పని ఆపేసి యజమానిని పిలుస్తారట. "ఎవరో కావాలని పెట్టారని తెలిసిపోద్దండి" అన్నాడు. ఇటుకకి గునపాన్ని అడ్డుకునే బలం ఉందని అంతవరకూ అనుకున్నాను. గట్టిగా రెండు పోట్లు పొడిస్తే ఇటుక పగిలిపోతుంది. దాని బలం అడ్డుకోవడంలో లేదు, వరసలో ఉంది. ఎవరో పుట్టబోయేవాడు ఇక్కడ తవ్వుతాడని తలచి, ఆ ముక్కూ మొహం తెలియనివాడి చేతిని నడిమధ్యలో ఆపడానికి పేర్చిన వరస అది. తెలుగు చదవడం వచ్చినవాడైనా రానివాడైనా చదవగలిగే శాసనం.

ఇటుకల మీద మట్టి, మట్టిలో అడుగు లోతున ఎర్ర టేపు, దాని మీద మళ్లీ మట్టి. గది పక్కన ఎర్తు గొయ్యి తీసి రెండున్నర మీటర్ల ఇనప గొట్టం దింపి, చుట్టూ బొగ్గు ఓ పొర, ఉప్పు ఓ పొర కూరారు. కేబులు కవచాన్ని కూడా రెండు కొసల్లో ఎర్తుకి కలిపారు. పసుపు కోరు కొసలకి ఆకుపచ్చ టేపు చుట్టి దాన్ని ఎర్తు చేశారు; ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు. మూసేముందు ఓసారీ మూసేశాక ఓసారీ, తొడుగు దెబ్బతిన్నదేమో చూసే మెగ్గరు పెట్టి 500 వోల్టులతో పరీక్ష చేశాడు బాబాయ్. ఇంట్లో కొత్తగా ఆర్సీసీబీ పెట్టించాడు. బయటికెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ ఎప్పటికప్పుడు సరిచూస్తుందట అది. 30 మిల్లీఆంపియర్లు తేడా వచ్చేలోపే, అంటే ఆ తేడా ఎవరి ఒంట్లోంచి పోతోందో విచారించకుండానే, రెప్పపాటులో తెగ్గొట్టేస్తుంది. సాయంత్రం డే బుక్కు టాలీ కాకపోతే ఎవర్నీ ఇంటికి పంపని మా పాత మేనేజరు గుర్తొచ్చాడు. ఎర్తు తీగ, ఈ పెట్టె, ఆ ఇటుకలు మూడూ ఒక జాతివి. అంతా బాగున్నన్నాళ్లూ వాటికి పనే లేదు.

పని చెయ్యనిదాన్ని చూసి నవ్వుకునే అలవాటు నాకు ఆ రోజుతో పోయింది.

మలుపులున్న మూడు చోట్ల సిమెంటు దిమ్మలు పాతించి, తడి ఆరకముందే "కింద కరెంటు" అని మేకుతో రాశాను. కూలీలు తమవంతుగా మెరుపు బాణం గుర్తు గీశారు. ఇంటి గోడ నుంచి ఎన్ని అడుగులు, నూతి గట్టు నుంచి ఎన్ని, పనస చెట్టు నుంచి ఎన్ని, అన్నీ కొలిచి పటం గీసి మీటరు పెట్టె తలుపు లోపల అంటించాను. చెట్టు పోవచ్చు, నుయ్యి పూడ్చెయ్యవచ్చు, అందుకని మూడు కొలతలు. కాలవ తెరిచి ఉన్నప్పుడు తీసిన ఫోటోలు అమ్మాయికి పంపాను. "మట్టి ఫోటోలు పంపావేంటి నాన్నా?" అంది. ఫోన్లో అరగంట చెప్పాను. విసుక్కుంటూనే విన్నది. నాన్న నాకు చెప్పి ఉంటే నేనూ ఇలాగే విసుక్కునేవాణ్ణి. బహుశా చెప్పాడేమో కూడా. ఏ బదిలీ హడావిడిలోనో, ఏ సెలవు ఆఖరి రోజు బస్సు టైమైపోతుంటేనో "దొడ్లో లైటుకి తీగ వేశానురా" అనే ఉంటాడు. నేను "ఊఁ" అనే ఉంటాను. ఇన్నాళ్లూ ఆయన చెప్పలేదనే అనుకుంటున్నాను గాని, ఆ "ఊఁ" సంగతి ఇంకా తేలలేదు.

చివరి రోజు బాబాయ్ వసారా బోర్డు విప్పి ఐదో స్విచ్చు చేత్తో పట్టుకున్నాడు.

"దీన్ని తీసేసి ఖాళీ ప్లేటు బిగించెయ్యనా?"

అమ్మ మంచం మీంచే అంది, "ఎందుకురా, ఉండనీండి."

బాబాయ్ కాసేపు వక్క నమిలాడు. తరవాత పాత నల్ల స్విచ్చు మార్చి కొత్తది పెట్టి, దాన్ని కొత్త బ్రేకరు కిందికి తెచ్చి, మిగిలి ఉన్న ఆ నీలం కోరుకి కలిపాడు. అన్నమడగదని పెట్టించిన నాలుగో కోరు. దాని రెండో కొస గది గుమ్మం బయట, ఒకప్పుడు పాక వాకిలి ఉన్నచోట, ఓ చిన్న దీపానికి.

మొన్న రాత్రి మా పెద్దత్తయ్య కొడుకు వచ్చాడు. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోడానికి వసారాలోకి వెళ్లి, చీకట్లో తడుముకుని, అందరిలాగే ఐదో స్విచ్చు వేశాడు. వసారా చీకటిగానే ఉంది.

"బావా, ఇదింకా పని చెయ్యట్లేదే" అని కేకేశాడు.

"అక్కడ కాదు," అన్నాను, "దొడ్డి చివరికి చూడు."